తోలుపట్టా రుబ్బురోలు

తిరుపతిలో ట్రస్టు ఆఫీసు గుమాస్తా సుదర్శనానికి 'ఇంజినీరు సామి' అని ఇంకో పేరుండేది. ఏ కాలేజీ ఇచ్చిన పేరూ కాదది, ఆఫీసులో కాఫీ తాగేవాళ్ళు పెట్టింది. ఎర్ర నీలం పెన్సిళ్ళతో ఆయన గీసిన యంత్రాల బొమ్మలు నోటుపుస్తకాల నిండా ఉండేవి. టార్చిలైటూ ట్రాన్సిస్టరూ బిగించిన గొడుగు. ఉయ్యాల ఊపితే తిరిగే ఫ్యాను. నిద్ర లేవకపోతే మొహాన నీళ్ళు చల్లే అలారం గడియారం. ఆ గడియారం గీస్తున్న రోజుల్లో ఆయన భార్య పద్మాక్షి ఏ అలారమూ లేకుండా నాలుగింటికే లేచి బావిలో నీళ్ళు తోడేది. బావిగట్టు పాచి పట్టిందని, కాస్త గీకించమని ఏడాదిగా చెబుతూనే ఉంది. పాచి గీకడం బొమ్మ గీయదగ్గ పని కాదు. అందుకని అది ఆయన చెవికెక్కలేదు.

డెబ్బై ఎనిమిదిలో ఆ గట్టుమీదే జారి ఆమె కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది గానీ, చేత్తో ఏదైనా తిప్పితే మోచేతి దాకా పోటు. ఆ ఇంట్లో రోజూ తిప్పవలసింది రుబ్బురోలు పొత్రం. ఇంటి పెరుమాళ్ళకు రోజూ దోసెల ఆరగింపు కావాలి. ఆ పిండి తడిబట్టతో, మడిలోనే రుబ్బాలి. పనిమనిషి కుప్పమ్మ గిన్నెలు తోమవచ్చు, రోలు ముట్టకూడదు. అత్తగారు వకుళాదేవికి మోకాళ్ళు వంగవు. ఇక మిగిలింది విరిగిన చేయే. పెరుమాళ్ళు ఎన్నడూ నోరు తెరిచి దోసె అడిగింది లేదు. అడిగే నోళ్ళు వేరే ఉన్నాయి.

"ఇంకో ఆర్నెల్లు ఇట్లా తిప్పితే ఈ చేత్తో అన్నం కూడా కలుపుకోలేనండీ" అంది పద్మాక్షి.

"ఉండు, నీ కోసం ఒకటి గీస్తా" అన్నాడు సుదర్శనం.

పదకొండు నెలలు గీశాడు. ఆ పదకొండు నెలలూ ఆమె తిప్పింది. చివరికి లేతు పట్టే ఆదిమూలం చేత చేయించాడు. పాత కుట్టుమిషను కింది భాగం, దాని చక్రం, పక్కన రోలు. స్టూలు మీద కూర్చుని కాళ్ళతో తొక్కితే పొత్రం తిరుగుతుంది. తిరిగింది కూడా. ఆ పొద్దు పద్మాక్షి రెండు పడుల బియ్యం చేయి కదల్చకుండా రుబ్బింది. పెరటి గడపలోంచి కుప్పమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"అమ్మణ్ణీ, గుడ్డలు కుట్టే మిషన్తో దోసెలు కుట్టేస్తా ఉండావే!"

పద్మాక్షి నవ్వు ఇంకా ఆగకముందే వకుళాదేవి గోడ పట్టుకుని వచ్చింది.

"ఒరే సుదర్శనం, ఆ చక్రానికి చుట్టినావే, ఆ పట్టా దేనిదిరా?"

"తోలుదమ్మా. కుట్టుమిషన్లకు వేసేదే."

"మడిలో తోలా? చెప్పులంగడి తెచ్చి వంటింట్లో పెట్టినావే, నీ సదువు సట్టుబండలు గాను!"

రోజూ పూజకు ముందు తోలుపట్టీ వాచీ విప్పి గూట్లో పెట్టే మనిషి ఆయన. పదకొండు నెలల్లో ఒక్కసారీ ఆ తోలు గుర్తుకు రాలేదు. వస్తుందా? మడి కట్టి ఆ రోలు దగ్గర ఆయన కూర్చున్నదెప్పుడు? పిండి పెరటి జాలాట్లో, అంట్ల నీళ్ళు పోయే చోట పారబోశారు. వంటిల్లు కడిగారు. మిషను వసారాలోకి వెళ్ళింది, పద్మాక్షి పాత రోలు దగ్గరికి వెళ్ళింది.

"తోలు తీసేసి నూలు తాడు వేస్తే సరిపోతుంది కదండీ?"

"నూలు జారుతుంది, డిజైను చెడుతుంది. చిత్తూరులో ఎగ్జిబిషనుంది. ఇది ఇట్లనే పోవాల."

పోయింది. 'గృహిణికి విశ్రాంతి' అని అట్టమీద రాసి పెట్టారు. స్త్రీ విముక్తి గురించి పెద్దలు ఉపన్యసించారు, దండ వేశారు, వెండి రంగు కప్పు చేతిలో పెట్టారు. కార్వేటినగరం నుంచి వచ్చిన ఒక రైతమ్మ మాత్రం మిషను చుట్టూ తిరిగి చూసి, "సామీ, మీ ఇంట్లో దీంతోనే రుబ్బుతారా?" అని అడిగింది.

"ఇది నమూనా మాత్రమేనమ్మా."

"నమూనా తింటే కడుపు నిండుతాదా సామీ?"

మన దగ్గర ఆడవాళ్ళ కష్టానికి కప్పులు వస్తూనే ఉంటాయి. ఆ కప్పులు మగవాళ్ళ బీరువాల్లోకి పోతుంటాయి.

మిషనూ కప్పూ ఇంటికి చేరిన మర్నాడు పద్మాక్షి తడిబట్ట కట్టలేదు. నానిన బియ్యం ముందర పెట్టుకుని గడపలో కూర్చుంది.

"ఏమే, ఆరగింపు పొద్దు దాటతా ఉండాది" అంది వకుళాదేవి.

"ఈ చేత్తో ఇంక తిప్పను అత్తయ్యా. గుడి వంటశాలలో రుబ్బేది, వండేది అంతా మగవాళ్ళే కదా. అంత పెద్ద స్వామికి వాళ్ళ మడి చాలినప్పుడు, మన పెరుమాళ్ళకు మీ అబ్బాయి మడి చాలదా?"

వకుళాదేవి పుట్టింటి మగవాళ్ళు మూడు తరాలుగా గుడి వంటశాలలో పనిచేసినవాళ్ళే. చాలదంటే నాయన మడినీ తాత మడినీ కాదన్నట్టే. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"నాకు ఆఫీసుండాది" అన్నాడు సుదర్శనం.

"మీకు చేయి కూడా ఉంది."

తడి పంచ కట్టి ఆయన రోలు ముందు కూర్చున్నాడు. పావుగంటకే అరచేయి బొబ్బలెక్కింది. పెరట్లోంచి కుప్పమ్మ వదల్లేదు.

"ఇంగా బరకగా ఉండాది సామీ, తిప్పు తిప్పు!"

ఆ సాయంత్రమే తోలుపట్టా ఊడింది. పాత పంచె చించి తాడు పేనింది పద్మాక్షి. జారకుండా తడిపి బిగించింది కూడా ఆమే. మిషను వంటింట్లోకి తిరిగొచ్చింది. ఆదివారం సుదర్శనం కొత్త బొమ్మ గీసి, తాడు పక్కన బాణం గుర్తు వేసి, 'నూతన సవరణ, రూపకర్త: సుదర్శనం' అని రాసుకున్నాడు.

"తాడు పేనింది నువ్వు గదా అమ్మణ్ణీ, పేరు ఆయనదేంది?" అంది కుప్పమ్మ.

"పేరు ఆయనకే ఉండనీ" అంది పద్మాక్షి, కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని తొక్కుతూ. "శనివారం వడపిండి రుబ్బడం కూడా ఆయనకే."