చుక్కల బోర్డు దగ్గర స్తవ్రూలా

స్తవ్రూలా ఎవరినీ నమ్మదు. ఆవిడ గురించి తెలియాల్సింది అదొక్కటే. మాంసం కొట్టుకి సొంత తూకం మిషను పట్టుకెళుతుంది. రేడియోలో వాన అని చెబితే పెరట్లోకొచ్చి చెయ్యి చాపుతుంది. చినుకు పడ్డా సరే, పక్కింటాయన మొక్కలకు నీళ్లు కొట్టడం లేదని రూఢి చేసుకున్నాకే గొడుగు తీస్తుంది. ఆ పక్కింటాయన మెర్విన్. ముప్ఫై ఒక్క ఏళ్లుగా కంచెకి అవతల ఉంటున్నాడు.

మెల్‌బోర్న్‌లో రైలు గేట్లు ఎత్తేసి, పట్టాలను స్తంభాల మీదికి ఎక్కిస్తున్న రోజులవి. వీళ్ల పేట గేటూ పోయింది. రైళ్లు నెత్తిమీదికి వెళ్లాయి, కింద బోలెడంత ఖాళీ నేల మిగిలింది. అది మీకే, పార్కు వేస్తాం, అందులో ఏం కావాలో చెప్పండి అన్నారు ప్రాజెక్టు వాళ్లు. పేటంతా సంబరపడింది. స్తవ్రూలా మాత్రం ఆ నేలని అడుగులతో రెండుసార్లు కొలిచింది. రెండోసారి ఆరు అడుగులు తగ్గింది. ఆ ఆరు అడుగులూ ఎవరు తిన్నారని ప్రాజెక్టు అమ్మాయి ఇమొజెన్‌ని నిలదీసింది.

"రెండోసారి పెద్ద బూట్లు వేసుకున్నారేమో ఆంటీ."

"అంటే తప్పు నా కాళ్లదంటావు."

మెర్విన్ బాధ వేరు. పాత గేటు పక్కన ఇటుకల స్టేషన్ ఉండేది, అందులో ఒక మరుగుదొడ్డి. గేటుతో పాటు స్టేషన్నీ, స్టేషన్‌తో పాటు దాన్నీ కూల్చేశారు. డెబ్బై ఆరేళ్ల మెర్విన్ మూత్రాశయం ఇరవై నిమిషాలకు మించి మాట మీద నిలబడదు. పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బుకి నడక అరగంట. ఇదివరకు మధ్యలో స్టేషన్ ఆదుకునేది. ఇప్పుడు క్లబ్బు మానేశాడు. పది నిమిషాలు నడిచి, మూడో స్తంభం దగ్గర వెనక్కి తిరుగుతాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి కూడా సగమే చెప్పాడు.

స్తవ్రూలా కంచె మీంచి టైము చూస్తోందని ఆయనకి తెలియదు.

"ఏమయ్యా, రోజూ ఆ స్తంభం దాకా వెళ్లి వచ్చేస్తున్నావు. ఎవరావిడ?"

"ఎవరూ లేరమ్మా."

"మొగుడున్నదా, మొగుడు పోయినదా?"

మెర్విన్ ఆలోచించాడు. అసలు సంగతి కన్నా ఇదే గౌరవంగా ఉంది. "మొగుడు పోయినావిడే," అన్నాడు. ఆ వారమంతా స్తవ్రూలా స్తంభం దగ్గర కాపు కాసి, కుక్కల్ని తిప్పే ఆడవాళ్లు ముగ్గురిని ప్రశ్నలతో చంపింది.

తర్వాత చుక్కల శనివారాలు మొదలయ్యాయి. కొత్త పట్టాల కింద ఒక బోర్డు, దాని మీద బొమ్మలు: ఉయ్యాలలు, పింగ్‌పాంగ్ బల్ల, కుక్కల ఆవరణ, చెట్లు, మరుగుదొడ్డి. మనిషికి మూడు పచ్చ చుక్కలు. కావాల్సిన బొమ్మ మీద అంటించాలి. మూడో శనివారానికి అన్నిటికన్నా తక్కువ చుక్కలున్న బొమ్మ పార్కులోంచి తప్పుకుంటుంది. వచ్చినవాళ్లకి బ్రెడ్డులో సాసేజ్, ఉల్లిపాయలు. ఆ సాసేజ్ లంచమేనని తేల్చిన స్తవ్రూలా, మడత కుర్చీ తెచ్చుకుని బోర్డు పక్కనే కూర్చుంది. ఎవరు చుక్క అంటించినా సంజాయిషీ చెప్పుకోవాలి. కుక్కల ఆవరణకి మూడూ అంటించిన ఒకాయన్ని కుక్క ఏదని అడిగింది. పాపం ఆయన ఫోనులో ఫోటో చూపించాడు.

"ఫోటో ఎవరి కుక్కకైనా తీయొచ్చు," అంది.

మరుగుదొడ్డి మీద చుక్క పడలేదు. మెర్విన్ రెండో శనివారం వచ్చాడు. అరచేతిలో మూడు చుక్కలు చెమటకి తడిసిపోతున్నాయి. దాని మీద అంటిస్తే ఆవిడ ఎందుకని అడుగుతుంది, పేటంతా వింటుంది. చివరికి మూడూ తీసుకెళ్లి పింగ్‌పాంగ్ బల్లకి కొట్టాడు. జన్మలో బ్యాటు పట్టుకుని ఎరగడు. స్తవ్రూలా ఆ చుక్కల్ని చూసింది, ఆయన్ని చూసింది, ఏమీ అడగలేదు. దాంతో మెర్విన్‌కి భయం పట్టుకుంది.

మూడో శనివారం సాయంత్రం ఇమొజెన్ మరుగుదొడ్డి బొమ్మ పీకడానికి చెయ్యి చాపింది.

"ఆగమ్మాయ్." స్తవ్రూలా కుర్చీలోంచి లేచి, అన్నాళ్లూ పర్సులో దాచుకున్న మూడు చుక్కలూ దాని మీద అంటించింది. "నాకు కావాలి."

"మీ ఇల్లు నాలుగు నిమిషాలే కదా ఆంటీ."

"ఈ వయసులో నాలుగు నిమిషాలు ఒంటిని నమ్మమంటావా? నేను మా ఆయన్నే నమ్మలేదు."

జనం ఘొల్లుమన్నారు. ఆవిడ నవ్వలేదు. నవ్వేవాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి, తమ ఒళ్లు ఎప్పుడూ మాట వింటుందని తన మొహం మీద చెప్పమంది. నవ్వు ఆగిపోయింది. సాసేజ్‌లు కాల్చే భారీ మనిషి పటకారు కింద పెట్టి వచ్చి ఒక చుక్క అంటించాడు. పిల్లల బళ్లు తోసుకుంటూ ఇద్దరు తల్లులు వచ్చారు. వాళ్ల వెనక మిగతావాళ్లు వరుస కట్టారు.

"నువ్వేం చూస్తున్నావు మెర్విన్? ఆ బల్ల మీదవి పీకి ఇటు అంటించు. నువ్వు ఆడేది లేదు, పాడేది లేదు."

ఆయన గోటితో గీకాడు. చుక్క సరిగా ఊడిరాలేదు. అంటించేదాకా స్తవ్రూలా అటు తిరిగి, నెత్తిమీద పోయే రైలుని చూస్తూ నిలబడింది. ఒక మనిషి చుక్క అంటిస్తుంటే ఆవిడ చూడకపోవడం అదే మొదటిసారి. అప్పుడు అర్థమైంది మెర్విన్‌కి, కంచె మీంచి ఆ కన్ను ఏం కనిపెట్టిందో, ఇంత పేటలో ఎవరి బదులు ఆవిడ నవ్వులపాలైందో.

ఎనిమిది నెలలకి పార్కు తెరిచారు. క్లబ్బుకి బయల్దేరిన మెర్విన్ దారిలో అక్కడి మరుగుదొడ్డి దగ్గర ఆగేసరికి, స్తవ్రూలా అప్పటికే లోపలికెళ్లి పది నిమిషాలు తనిఖీ చేసి బయటికొస్తోంది.

"నీళ్లొస్తున్నాయి. గడియ మీద మాత్రం నాకు నమ్మకం లేదు. నువ్వెళ్లు, నేను తలుపు దగ్గర ఉంటాను."

మెర్విన్ లోపలికెళ్లి, తలుపు వేసుకుని, నిదానంగా నిలబడ్డాడు. బయట ఎవరో వచ్చిన అడుగుల చప్పుడు, ఆ వెంటనే ఆవిడ గొంతు:

"ఎవరయ్యా నువ్వు? ఇక్కడ నీకేం పని?"