మనిషికి అనుమానం రాలేదు

2013 చివర్లో మా ఆయన నాకు టచ్ ఫోన్ కొనిచ్చాడు. అప్పుడు మేము కోదాడలో ఉండేవాళ్ళం. ఆయన ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మేనేజరు, నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరును. మా స్టాఫ్‌రూములో అలాంటి ఫోను ఇంకెవరికీ లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన దాన్ని ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాడు. ఏం చేస్తున్నావంటే సెట్టింగులు అన్నాడు. పది రోజులకు మళ్ళీ అడిగి తీసుకున్నాడు. తర్వాత ఇంకోసారి. నా కోసం ఇంత ఓపిక పడుతున్నాడే అని మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే సూర్యాపేటలో మా నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట పోయింది. మా ఆయన మాత్రం అప్పటికి రెండేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కడం లేదు, నన్నూ తొక్కనివ్వడం లేదు. మా తమ్ముడి పెళ్ళిలో బట్టలు పెట్టేటప్పుడు అల్లుడిని పిలవడం మరిచిపోయారు. అదీ కారణం. తప్పయిందని నాన్న ఫోన్ చేసి చెప్పినా ఈయన వినలేదు.

శనివారం మాకు ఒంటిపూట బడి. స్పెషల్ క్లాసు ఉందని ఇంట్లో చెప్పి, బస్సెక్కి సూర్యాపేట పోయి, నాన్న దగ్గర గంట కూర్చుని, చీకటి పడేలోపు తిరిగి వచ్చేదాన్ని. ఈ సంగతి నాతో పనిచేసే హిందీ టీచరుకు ఒక్కతెకే తెలుసు. ఆమె సొంతూరు మిర్యాలగూడ. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. స్కూలు బస్సులో రోజూ నా కోసం పక్క సీట్లో బ్యాగు పెట్టి ఉంచేది.

జనవరిలో ఒక శనివారం నాన్న నన్ను పేరు పెట్టి పిలిచాడు. జబ్బు చేసిన తర్వాత ఆయన నోట సరిగ్గా వచ్చిన మొదటి మాట అది. తిరుగు బస్సులో సంతోషం పట్టలేక అక్కకు మెసేజ్ పెట్టాను. ఇంటికి వచ్చి అన్నం వడ్డిస్తుంటే మా ఆయన కంచంలోంచి తలెత్తకుండానే అడిగాడు.

"మీ నాన్న పేరు పెట్టి పిలిచాడంటగా?"

"నీకెవరు చెప్పిన్రు?" అన్నాను.

"ఎవరో ఒకరు చెప్తారు. స్పెషల్ క్లాసులు సూర్యాపేటలో పెట్టారని నాకు తెలీదు. ఇంకోసారి వెళ్తే అక్కడే ఉండిపో."

ఆ మాట నేను రాసింది ఒక్క అక్కకే. అక్క భర్తా మా ఆయనా ఒకే హోటల్లో టీ తాగుతారు. ఇంకేం ఆలోచించాలి? సోమవారం స్టాఫ్‌రూములో అందరూ టిఫిన్ డబ్బాలు తెరుస్తుండగా ఆమె ముందుకు పోయి నిలబడ్డాను.

"నా సంసారం పాడుచేస్తే నీకేం వస్తది అక్కా?"

"ఏమైందే? ఏం మాట్లాడుతున్నవ్?"

"నీకు తప్ప ఎవరికి తెల్వదు. మీ ఆయనకు చెప్పినవ్, ఆయన మా ఇంటికి మోసిండు."

"నా పిల్లల మీద ఒట్టు, నేనెవ్వరికీ చెప్పలే."

"పిల్లల మీద ఒట్లు గూడ పెడతవా? సిగ్గు లేదా?"

ఆమె డబ్బా మూత పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి బస్సులో ముందు సీట్లో, డ్రైవరు వెనక కూర్చునేది. నెల తిరగకముందే ఉద్యోగం మానేసి మిర్యాలగూడ వెళ్ళిపోయిందని తెలిసింది. పీడ పోయిందనుకున్నాను. అవును, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

సూర్యాపేట వెళ్ళడం మానేశాను. మార్చిలో నాన్న పోయాడు. ఈసారి మా ఆయనే కారు కిరాయికి మాట్లాడి తీసుకెళ్ళాడు, పాడె కూడా పట్టాడు. అందరూ మంచి అల్లుడన్నారు.

మే నెలలో ఒక సాయంత్రం ఆయన కొట్టివేతలతో నిండిన ఒక కాగితం తెచ్చి, "ఓనరుకి ఇవ్వాలి, నీ రాత బాగుంటుంది, ఫెయిర్ చేసిపెట్టు" అన్నాడు. లోడింగ్ దగ్గర ఉన్నామని చెప్పి సూపర్‌వైజర్లు ఎక్కడెక్కడో తిరుగుతున్నారని వాళ్ళ ఓనరుకు అనుమానం. వాళ్ళ ఫోన్లలో వేయడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏదో చూడమని ఈయనకు పని అప్పజెప్పాడు. ఆ కాగితంలో మూడింటి వివరాలున్నాయి. మొదటిది మనిషి ఎక్కడున్నాడో మాత్రమే చూపిస్తుంది. రెండోది మెసేజులు కూడా చూపిస్తుంది కానీ చార్జింగ్ తాగేస్తుంది, పైన గుర్తు కనిపిస్తుంది. మూడోది అన్నీ చూపిస్తుంది, ఫోనులో ఎక్కడా కనిపించదు. దాని కింద ఇలా ఉంది: "మూడూ ఇంట్లో ఫోనులో వేసి చూశాను. మూడోది ఐదు నెలలుగా ఉన్నా మనిషికి అనుమానం రాలేదు."

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. "ఈ మనిషి ఎవరు?" అన్నాను.

"నువ్వే. వేరేవాళ్ళ ఫోన్ అడిగితే ఇస్తారా?"

"అయితే నాన్న సంగతి..."

"నేను చూశాను కాబట్టి తెలిసింది. అబద్ధం చెప్పింది నువ్వు. నన్నంటావేంటి?"

ఎదురుగా కూర్చుని మొత్తం ఫెయిర్ చేసిచ్చాను, ఆ వాక్యంతో సహా. ఓనరు మూడోదే కొన్నాడు.

మరుసటి వారం ఫోను ఇంట్లో పెట్టేసి మిర్యాలగూడ బస్సెక్కాను. అడ్రసు కనుక్కుని వెళ్ళేసరికి అక్క వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి ఆగింది.

"మీ నాయన ఎట్లున్నడు?" అంది.

"పోయిండక్కా. మార్చిలో."

చేతిలోని తడి బట్ట బకెట్‌లో వేసి లోపలికి రమ్మంది. మంచినీళ్ళిచ్చింది. ఫోను సంగతి, కాగితం సంగతి అంతా చెప్పి చేతులు పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుంది.

"నాకు చెప్పినవ్, సరే. గా రోజు స్టాఫ్‌రూముల తొమ్మిది మంది ఉన్నరు. నేను మానేసేదాక ఒక్కరు నా ముంగట ఇంటి మాట మాట్లాడలే. నేనొస్తే మాటలు బంద్. వాళ్ళకెవరు చెప్తరు?"

"నేను చెప్తా" అన్నాను.

"చెప్పు" అంది. అన్నం తిని పొమ్మనలేదు.

జూన్‌లో బడి తెరిచాక తొమ్మిది మందిలో ఐదుగురితో మాట్లాడగలిగాను. మిగతా నలుగురు వేరే ఊళ్ళ స్కూళ్ళకు మారిపోయారు. ఒకామె అంతా విని, "అయ్యో, నేను అది అప్పుడే మర్చిపోయిన" అంది. ఇంకొకామె, "ఏమో, నిప్పు లేందే పొగ రాదు కదా టీచర్" అంది. లేదు, నిప్పు లేనే లేదు, తప్పంతా నాదేనని ఎంత చెప్పినా తల ఊపింది కానీ నమ్మలేదు.