ఎడమ వింగ్‌లో మా అన్న

మొన్న ఆదివారం పొద్దున్న టీ తాగుతూ కూర్చుంటే మా మనవడు ఫోను తెచ్చి నా కళ్ళ ముందు పెట్టాడు. అమెరికావాళ్ళు ఆడే ఫుట్‌బాల్ అది. కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో ఇరికించుకుని, నెత్తిన హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ పరిగెత్తే ఆట. అసలు ఆట ఇంకా మొదలు కాలేదు. రాబోయే జట్టును ఎలా కట్టడి చెయ్యాలా అని కోట్లు వేసుకున్న పెద్దమనుషులు తెర ముందు నిలబడి గీతలు గీస్తున్నారు. అవతలివాళ్ళలో ఒకడికి చీలమండ బాగోలేదట, కనుక వాడున్న వైపు నుంచే దాడి చెయ్యాలట.

"ఆడి కాలు సంగతి ఈళ్ళకెవులు సెప్పినార్రా?" అని అడిగాను.

"అందరికీ తెలుసు తాతా, ఆళ్ళ టీమే న్యూస్‌లో పెడతాది," అని వాడు నవ్వి, బర్మీస్‌లో ఎవరితోనో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

నా చేతిలో టీ చల్లారిపోయింది. ఒక కాలు సంగతి చెప్పలేక, చెప్పకుండానూ ఉండలేక నేను నలిగిపోయిన వానాకాలం ఒకటి గుర్తుకొచ్చింది.

ఇక్కడ రంగూన్‌లోనే పుట్టి పెరిగిన నా ఈడువాళ్ళకు అప్పటి బోటాటౌంగ్ రేవు ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ రేవులోనే బస్తాలు మోశాడు, ఆయన తరవాత మా నాన్న మోశాడు, నేను మాత్రం కాస్త చదువుకోబట్టి గోడౌనులో సరుకు చూసుకునే పనిలో కుదిరాను. సాయంత్రమయ్యేసరికి గోడౌన్ల వెనక బురద మైదానంలో బంతాట. జట్టులో సగం మంది మా తెలుగు కుర్రాళ్ళు, మిగతావాళ్ళలో గంజాం ఒరియా కుటుంబాల పిల్లలూ, ఒకరిద్దరు బర్మా స్నేహితులూ ఉండేవారు. కెప్టెన్ మా పెద్దక్క భర్త, అంటే మా బావ. నేను కుడివైపు బ్యాక్, ఆ వైపు నుంచి వచ్చే దాడిని ఆపేవాణ్ణి. మా అన్న ఎడమ వింగ్, మైదానం అంచు గీత వెంట బంతితో దూసుకుపోయేవాడు. అన్న కాలికి బంతి అందిందంటే గట్టు మీద పకోడీలు వేయించే ఆవిడ కూడా మూకుడు దించి చూసేది. అలాంటి ఆటగాడు మా దగ్గర ఎన్నాళ్ళుంటాడు? జీతాలిచ్చి ఆడించే పెద్ద జట్టొకటి వచ్చి తీసుకుపోయింది. ఆట ఆడినందుకు జీతం తెచ్చిన మొదటి మనిషి మా వీధిలో మా అన్నే. నాన్న పోయిన ఇల్లు మాది. ఆ జీతంతోనే పొయ్యి వెలిగేది.

ఆ ఏడు నగరం పోటీలో మేము ఎవరూ అనుకోనంత పైకి వచ్చాం. ఇంకొక్క ఆట గెలిస్తే మరుసటి ఏటి నుంచి లీగులో మాకు చోటు. బావ పెళ్ళికి ముందునుంచీ కన్న కల అది. తీరా ఎదురుపడే జట్టు ఎవరిదా అని చూస్తే అన్న ఆడే జట్టే. అన్నకు మోకాలు నొప్పి అని ఇంట్లో అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున లేచి అమ్మ నువ్వులనూనె వెచ్చచేసి కుడి మోకాలికి పట్టించేది, అన్న పళ్ళు బిగించి గోడకేసి చూసేవాడు. ఆ సంగతి బయటికి పొక్కితే వాళ్ళ జట్టు మరుసటి ఏడు ఉంచదు.

ఆటకు ముందు ఆదివారం బావ మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని ఆ జట్టు ఆడుతున్న చోటికి తీసుకెళ్ళాడు. తలొక ఆటగాడిని పంచి, వాడు ఎటు తిరుగుతాడో, ఎవరికి బంతి ఇస్తాడో చూసి రమ్మన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గోడౌనులో, బియ్యం బస్తాల మధ్య ఖాళీ నేల మీద బొగ్గుముక్కతో మైదానం గీసి, ఒక్కొక్కరి చేతా చెప్పించాడు. మధ్యలో ఉండి బంతులందించే వాళ్ళ సెంటర్ హాఫ్ ఎప్పుడు తలెత్తినా అన్న కోసమే వెతుకుతాడని, వాణ్ణి చూసొచ్చిన ఒరియా కుర్రాడు చెప్పాడు. అన్న వంతు వచ్చేసరికి బావ ఎవరినీ అడగలేదు, తనే చెప్పాడు. ఇదివరకు గీత వెంట బాణంలా దూసుకుపోయే మనిషి ఇప్పుడు ప్రతిసారీ లోపలికే మళ్ళుతున్నాడు, కుడికాలు గట్టిగా తన్నిపెట్టి ఎడమకు తిరగడమే లేదు, ఎందుకంటారు?

అందరూ నా వైపు తిరిగారు.

"ఒరే, ఒకే కంచంలో తింటారు గదా. మీ అన్న కాలికేటైనా అయ్యిందేటి?" అన్నాడు బావ.

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. "నాకేటి తెల్దు బావా," అన్నాను.

బావ నా మొహం చూసి, బొగ్గుముక్కతో మళ్ళీ గీశాడు. ఎవరూ తన్నక్కర్లేదు, చెయ్యి వెయ్యక్కర్లేదు. అన్నకు ఎదురు కాసే నేను లోపలి దారి మూసేసి నిలబడితే చాలు, అన్న గీత వెంటే పోవాలి, పోవాలంటే ప్రతిసారీ ఆ కాలు మీదే తిరగాలి, కాసేపటికి నొప్పి ఉందో లేదో కాలే చెబుతుంది. ఆటలో ఏ రకంగానూ తప్పులేని ఉపాయం. ఆ ఉపాయం పారుతుందని అక్కడున్న వాళ్ళలో నాకొక్కడికే తెలుసు, అమలుచెయ్యవలసినవాణ్ణీ నేనే. ఎలా తట్టిందో ఏమో, అసలు అన్నకు బంతే అందకుండా చేస్తే సరిపోదా, ఆ సెంటర్ హాఫ్‌ను ఒరియా కుర్రాడు నీడలా పట్టుకుంటే వింగ్ దానంతటదే ఎండిపోతుంది కదా అన్నాను. కొందరు కాదన్నారు, వాదన పెరిగింది. బావ మాత్రం నన్నే చూసి, చివరికి అరికాలితో బొగ్గు గీతలు చెరిపేసి, "సరే, అలాగే కానీ," అన్నాడు. అతనికి అర్థమైపోయిందని అప్పుడే నాకు తెలిసింది.

ఆట రోజు పొద్దున్న అన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని గంజీ ఎండుచేపా తిన్నాం. అమ్మ ఇద్దరికీ వడ్డించి, "ఒకల మీద ఒకలు పడకండి నాయినా," అని మాత్రం అంది.

వానలోనే ఆట మొదలైంది. మొదటి సగం మేమనుకున్నట్టే సాగింది. ఒరియా కుర్రాడు వాళ్ళ సెంటర్ హాఫ్‌ను ఊపిరాడనివ్వలేదు. అన్న గీత దగ్గర చేతులు నడుము మీద పెట్టుకుని బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయాడు. గట్టు మీద మా రేవువాళ్ళ అరుపులు మిన్నంటాయి. రెండో సగం మొదలయ్యే ముందు అన్న తన జట్టువాళ్ళను దగ్గరికి పిలిచి బర్మీస్‌లో ఏదో చెప్పడం, చెబుతూ నా వైపు వేలు చూపించడం కనిపించింది. కొన్ని మాటలు నా చెవిన పడనే పడ్డాయి. తడిసిన బంతి పైనుంచి వస్తే వాడు కళ్ళు మూసుకుంటాడు, వాడి నెత్తి మీదికే వెయ్యండి.

నిజమే. చిన్నప్పుడు నీళ్ళు తాగి బరువెక్కిన తోలుబంతి నుదుటికి తగిలి పడిపోయిన దగ్గర్నుంచీ నాకా భయం. జట్టులో ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను. అన్నకొక్కడికే తెలుసు. అక్కడినుంచి బంతులన్నీ ఆకాశంలోంచి నా మీదికే దిగసాగాయి. రెండింటిని ఎలాగో బయటికి కొట్టాను. మూడోదానికి కళ్ళు మూసుకున్నాను; తెరిచేసరికి బంతి మా గోలులో ఉంది.

కోపం, అవమానం, ఏడుపు అన్నీ ఒక్కసారే వచ్చాయి. తరవాత వచ్చిన బంతికి కళ్ళు మూసుకునే ఎగిరాను. అటునుంచి అన్న కూడా ఎగిరాడని నాకు తెలియదు. బంతి ఎటుపోయిందో తెలియదు. ఇద్దరం గాలిలో గుద్దుకున్నాం, నేను బురదలో పడ్డాను, అన్న ఆ కుడికాలు మీద దిగాడు. ఎవరూ గీయని గీత అది. అన్న అరవలేదు, నేలను పిడికిళ్ళతో పట్టుకున్నాడు. నలుగురు మోసుకుపోయారు. ఆ ఒక్క గోలుతోనే మేము ఓడిపోయాం. లీగు పోయింది. నెల తిరిగేసరికి అన్న ఉద్యోగమూ పోయింది.

చాలా రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఒక సాయంత్రం బావ అన్నను చూడ్డానికి వచ్చి, గోడౌనులో జరిగిందంతా చెప్పేశాడు. అన్న సంతోషిస్తాడనుకున్నాను. అతను మంచం మీంచి నన్ను ఉరిమి చూశాడు.

"నీకు తెలుసుండీ బావకెందుకు సెప్పనేదు?"

నేను అతని మోకాలి కేసి చూశాను.

"నీ సంగతి నాకు తెలుసు, నేను సెప్పినాను. నా జట్టు అది, నా పని అది. నువ్వేటి, నా మీద జాలిపడి ఆడినావా? జాలిపడతారేట్రా ఆటలో? నన్ను ఆటగాడిగా సూడనేదు నువ్వు."

అమ్మ వంటింట్లోంచి ఏదో అనబోయింది. అన్న చెయ్యెత్తి ఆపాడు. ఆ మాటకు నేను పడ్డ బాధ ఓటమికి కూడా పడలేదు. అయినా దానిలో నిజముందని లోపల ఏదో ఒప్పుకుంటూనే ఉంది.

చలికాలం వచ్చింది. ఒకరోజు పొద్దున్న పనికి బయల్దేరుతుంటే అన్న సందులో కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు, రెండో చేతిలో బంతి. నన్ను గోడ దగ్గర నిలబెట్టి, నుదుటి మీదికి విసిరాడు. "కళ్ళు ముయ్యకు," అన్నాడు. మూశాను. మళ్ళీ విసిరాడు. అప్పటినుంచి ఆ చలికాలమంతా నేను పనికి వెళ్ళేలోగా అదే పని. తిట్టేవాడు, కర్ర గోడకు ఆన్చి ఒంటికాలి మీద నిలబడి మరీ విసిరేవాడు. క్షమాపణలేమీ లేవు, అటూ లేవు, ఇటూ లేవు. ఒకనాడు బంతి నుదుటికి తగిలే దాకా తెరుచుకునే ఉన్న నా కళ్ళను చూసి, కర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తరవాత అన్న ఏటి అవతల ట్వంటే ఊరికి పోయే పడవల దగ్గర టికెట్లిచ్చే పనిలో చేరి, కుంటుతూనే పిల్లల్ని పెంచి పెద్దచేశాడు. కిందటి వానాకాలంలో పోయాడు. ఆ మైదానం ఏనాడో పోయింది. ఇప్పుడు వీధిలో అందరూ మర్యాదస్తులే. నొప్పించే మాట ఎవరూ అనరు, నా వయసుకు గౌరవమిచ్చి నేనేం చెప్పినా తలూపుతారు. నా మొహం మీదే నా లోపం చెప్పి, అది పోయేదాకా ఎదురుగా నిలబడే మనిషి మాత్రం ఒక్కడూ మిగల్లేదు.