హెరాన్స్ జట్టుకు స్ట్రంక్ మాస్టారు వేసిన మార్కు

ఆల్విన్ స్ట్రంక్ మాస్టారు ఈ భూమ్మీద దేనికీ చివరి మార్కు వేయలేదు. ముప్పైనాలుగేళ్లు ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పి ఆయన రిటైరయ్యారు గాని, జేబులో ఎర్ర పెన్సిలు రిటైరవలేదు. పాస్టరుగారి ప్రసంగం ఎలా ఉందంటే "ఇంకా పూర్తికాలేదు" అంటారు. పెళ్లై నలభై ఏళ్లు నిండిన రోజున భార్య, "మరి మన కాపురం?" అని అడిగింది. మాస్టారు చాలాసేపు ఆలోచించి అదే మాట అన్నారు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

మంగలి డెన్నీ కోవాలిక్ ఆయన శిష్యుడే. నెలకోసారి ఆయన తల అతని చేతికి వస్తుంది. ఆ తలమీద వెంట్రుకలు లెక్కపెట్టడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు, వేళ్లు చాలు. అయినా అద్దంలో చూసుకుని, "ఇంకా పూర్తికాలేదు డెన్నీ. వచ్చే నెల వస్తా," అంటారు.

ఆ ఊరి బేస్‌బాల్ జట్టు హెరాన్స్. నాలుగేళ్ల కిందట క్లారా వెంజెల్ అనే ఆవిడ జట్టు పగ్గాలు పట్టి, "పాతది పడగొట్టి కొత్తది కడతాను, ఆరేళ్లు ఆగండి," అంది. పడగొట్టడం చక్కగా చేసింది. కిందటేడు నూట అరవై రెండు ఆటల్లో నూట ఎనిమిది ఓడారు. ఈ జూలైలో ఒక మంగళవారం పొద్దున రేడియోలో వార్త వచ్చింది. బంతిని జనంలోకి కొట్టగల ఒకే ఒక్కడు, రికీ బార్బోసాని, వేరే జట్టుకిచ్చేసి ఎవరూ పేరు వినని ముగ్గురు కుర్రాళ్లను తెచ్చుకుందట. డెన్నీ కత్తెర గాలిలో ఆగిపోయింది. కుర్చీలో మనిషి ఒకవైపు తెగిన జుట్టుతోనే లేచి ఇంటికి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి క్లారాను తీసేయాలని అర్జీ, దానికింద రెండువందల పన్నెండు సంతకాలు. అన్నిటికంటే పైన డెన్నీ ఒక చోటు ఖాళీ ఉంచాడు. జట్టు యజమాని కూడా స్ట్రంక్ మాస్టారి దగ్గర చదివినవాడే. ఆ ఖాళీలో మాస్టారి సంతకం పడితే క్లారా ఉద్యోగం శుక్రవారం దాటదు.

మర్నాడు మాస్టారు కుర్చీలో కూర్చుని అర్జీ చదివారు. ఎర్ర పెన్సిలు తీశారు.

"ఎన్ని ఓడారో రాశావు. ఎలా ఓడారో ఏదీ?"

"రికీని ఇచ్చేసిందండీ మాస్టారూ. ఇంకేం రాయను?"

"రికీకి ముప్పైనాలుగు. ఈ జట్టు గెలిచేనాటికి వాడు చేపలు పట్టుకుంటూ ఉంటాడు. వచ్చిన ముగ్గురూ కుర్రాళ్లు తయారయ్యే కింది జట్లలో ఎలా ఆడుతున్నారో చూశావా?"

"లేదు."

"జవాబు చూసి మార్కు వేస్తున్నావు. నేను మెట్లు చూస్తాను. రెండేళ్ల కిందట జనం వస్తారని బంతి విసిరే ఒక ముసలి పిచ్చరును పట్టుకొచ్చింది. ఆ మెట్టు తప్పు. ఆవిడకి ఉత్తరం రాశాను. మళ్లీ ఆ తప్పు చేయలేదు."

"రెండొందల పన్నెండు మందికి తెలియదంటారా?"

"అందులో సగం మందికి భిన్నాలు నేనే చెప్పాను. నాకు తెలుసు."

అర్జీ కింద రాశారు: ఇంకా పూర్తికాలేదు.

ఆయన వెళ్లాక డెన్నీ మొహం మాడ్చుకున్నాడు. "సున్నా వేసే ధైర్యం లేదు మనిషికి. ఎనిమిదో తరగతిలో నా మార్కుల కార్డుమీదా ఇదే రాసి, శనివారాలన్నీ వాళ్లింట్లో కూర్చోబెట్టి లెక్కలు చేయించాడు."

మొగుడికి గడ్డం గీయించడానికి వచ్చిన వెర్నా నవ్వింది. మాస్టారు చెప్పిన బడిలో గుమాస్తాగా చేసింది ఆవిడే. "ఒరే డెన్నీ, మన బడిలో అలాంటి మార్కే లేదురా. కార్డుమీద ఆ గడి ఆయనే గీసుకునేవాడు. హెడ్మాస్టరు ఏటా చీవాట్లు పెట్టేవాడు. నువ్వు శుభ్రంగా తప్పావు."

"శుభ్రంగానా?"

"నూటికి పంతొమ్మిది."

డెన్నీ తన కుర్చీలో తనే కూలబడ్డాడు. గడ్డానికి నురగ పూసుకున్న వెర్నా మొగుడు అరగంట నిలబడే ఉన్నాడు.

శుక్రవారం వచ్చింది, పోయింది. అర్జీ కొట్లో అద్దం పక్కన గోడకు అతుక్కుని ఉండిపోయింది. క్లారా ఉద్యోగమూ ఉండిపోయింది. హెరాన్స్ మాత్రం ఓడుతూనే ఉన్నారు.

మరుసటి నెల మాస్టారు వచ్చారు. డెన్నీ గాలిని కాసేపు శ్రద్ధగా కత్తిరించాడు.

"ఆ ముగ్గురిలో పొడుగాడు నిన్న కింది జట్టులో రెండు బంతులు కంచె దాటించాడటండీ. అంతకంటే మంచిది, వదిలేయాల్సిన చెడ్డ బంతిని ఒక్కదాన్నీ ముట్టుకోలేదట."

అద్దంలో మాస్టారు కళ్లు పెద్దవయ్యాయి. ఆయన నోట "ఇంకా పూర్తికాలేదు" అన్న మాట రాకపోవడం డెన్నీ పుట్టాక అదే మొదటిసారి.

"వచ్చే నెల వస్తా," అని మాత్రం అన్నారు.

కత్తిరించడానికి ఏముందని డెన్నీ అడగలేదు.