కూతలు లెక్కపెట్టే మనిషి

మా చెల్లెలి కూతురిది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. మెట్ల కింద గది. మంచం వేస్తే తలుపు పడదు. ఆ గదిలోనే ఒకరోజు అది షోరూం మెకానిక్కుతో తగాదాపడి గెలిచింది. నేను స్టూలు మీద కూర్చుని మొదట్నుంచి చివరిదాకా చూశాను.

టైపింగ్ సెంటరాయన తన కంప్యూటరు పెట్టెను రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. వెనకే మెకానిక్కు. బోర్డు కాలిపోయింది, కొత్తది కొనాల్సిందేనని అతను అప్పటికే తేల్చేశాడట. సెంటరాయనకు నమ్మకం కుదరక ఇక్కడికి తెస్తే, అది చిన్నతనంగా తోచి మెకానిక్కూ వెంటబడి వచ్చాడు.

స్విచ్చి వేయగానే పెట్టె మూడుసార్లు పొడుగ్గా కీచుమంది. కాసేపాగి మళ్లీ మూడు.

"ఇరవై ఏళ్ల సర్వీసు నాది. బోర్డు పోయిందంటే పోయినట్టే," అన్నాడు మెకానిక్కు.

"బోర్డు పోతే ఆ నోరెవరిది బాబూ? అది మొత్తుకుంటోంది, మీరు వినటం లేదు," అంది మా పిల్ల.

"ఆడవాళ్లతో వాదించడం నాకు అలవాటు లేదు."

"నాకు మగవాళ్లతో అలవాటే. మా ఆయన బస్సు డ్రైవరు."

సెంటరాయన నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. మా పిల్ల మాత్రం నవ్వలేదు. వైరు పీకింది, పెట్టె ఇనుప ఒంటిమీద ఒకసారి చెయ్యి వేసింది, లోపల్నుంచి రెండు మెమరీ పట్టీలు తీసి పక్కన పెట్టింది. అరచేతి పొడుగున దువ్వెనల్లా ఉంటాయవి. పట్టీలు లేకుండానే మళ్లీ స్విచ్చి వేసింది. పెట్టె ఇంకా గట్టిగా ఏడ్చింది.

"విన్నారా? మెమరీ లేదని ఏడుస్తోంది. ఏడ్చిందంటే బోర్డు బతికే ఉంది."

ఆ తర్వాత బల్లకు దారంతో కట్టి ఉన్న రబ్బరు అందుకుంది. పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరే. దాంతో పట్టీ అంచున ఉన్న బంగారు రంగు పళ్లను రుద్ది, గాడిలో దుమ్ము బ్రష్షుతో దులిపి, రెండు కొసలా టక్కుమనేదాకా నొక్కింది. "ఇప్పుడు మీరే వెయ్యండి," అని స్విచ్చి మెకానిక్కుకే అప్పగించింది. అతను వేశాడు. ఒక్కటే పొట్టి కూత, అంతా క్షేమమని. తెర వెలిగింది. ఇరవై ఏళ్ల సర్వీసు మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది. సెంటరాయన ఈ సంగతి వీధంతా చెప్పుకొచ్చాడు. ఆరోజు నుంచి మా పిల్ల పేరు రబ్బరమ్మ.

ఈ విద్య దానికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పదకొండేళ్లు ఒక ఆఫీసులో టైపు కొట్టింది. అక్కడ మిషన్ కూసిందంటే మెకానిక్కు వచ్చేసరికి వారం పట్టేది. ఆ వారమంతా ఇది ఊరికే కూర్చోలేక, ఎన్ని కూతలు కూస్తే ఏది చెడినట్టో కాగితం మీద రాసుకుంటూ పోయింది. ఏ కంపెనీకి ఆ కంపెనీ లెక్క వేరట. ఆ కాగితం ఇప్పటికీ కొట్లో గోడకు అంటించి ఉంది. దానికో పట్టింపు కూడా ఉంది. సొంతదారు ఎదురుగా లేకుండా పెట్టె విప్పదు. వాళ్లచేత కూడా కూతలు లెక్కపెట్టిస్తుంది. తన లెక్కా వాళ్ల లెక్కా కలిస్తేనే స్క్రూడ్రైవరు పట్టుకుంటుంది.

మధ్యాహ్నాలు నాకు అక్కడే కాలక్షేపం. ఈమధ్య దాని పట్టింపు కాస్త మారినట్టు అనిపించింది. తన లెక్క చెప్పడం మానేసి, "మీకెన్ని వినపడ్డాయి?" అని ముందు వాళ్లనే అడుగుతోంది. మర్యాద నేర్చింది కాబోలు అనుకున్నాను.

కిందటి నెల ఒక టీచరమ్మ తన కంప్యూటరు పెట్టెతో వచ్చింది. పిల్లల మార్కులన్నీ అందులోనే ఉన్నాయని కంగారుపడుతోంది. మా పిల్ల స్విచ్చి వేసే సమయానికి ఆవిడ ఫోను మోగితే వీధిలోకి వెళ్లింది. పెట్టె మూడుసార్లు పొడుగ్గా కూసింది. మా పిల్ల చెవి దగ్గరగా పెట్టి విని, టీచరమ్మ లోపలికి రాగానే, "అసలు కూతే లేదండీ. లోపల కరెంటందించే డబ్బా పోయినట్టుంది, కొత్తది వెయ్యాలి," అంది.

ఆ మాట మీదే పెట్టె మళ్లీ మూడు కూసింది. ఆ కీచుమనడమే కూత అని టీచరమ్మకు తెలియదు. పరాయి మనిషి ముందు మా పిల్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

"ముందు మెమరీ చూడవే అమ్మాయ్. నీ అలవాటు నువ్వెందుకు మానుకోవాలి?" అన్నాను.

అది నావంక చూసింది. పట్టీలు తీసి, రుద్ది, ఒక్కొక్కటే పెట్టి చూసింది. రెండోదానికి తెర వెలిగింది. టీచరమ్మ దండం పెట్టి పెట్టె పట్టుకెళ్లింది. మా పిల్ల షట్టరు సగానికి దించింది.

"కూసిందా పెద్దమ్మా?"

"కూసింది. మూడు, పొడుగ్గా. ఎప్పట్నించే ఇది?"

"ఆరు నెలలు. మాటలు బాగానే వినపడుతున్నాయి. సన్న చప్పుళ్లే పోయాయి. డాక్టరు ఇక రావన్నాడు."

"చెవికి మిషన్ పెట్టుకోవచ్చుగా."

"పెట్టుకుంటే కనపడుతుంది. చెవితో చేసే పని చెవిటిదానికి ఎవరిస్తారు? సెంటరాయన రేపే షోరూంకి పోతాడు. ఆ మెకానిక్కు నవ్వుతాడు."

"కూత వినకుండా చెయ్యలేవా?"

"చెయ్యొచ్చు. ఒక్కోటీ విప్పి చూస్తే పదినిమిషాల పనికి పూట పడుతుంది. ఇవాళ నువ్వు లేకపోతే ఆవిడకి అక్కర్లేని సామాను అంటగట్టేదాన్ని. ఆ తర్వాత ఈ కొట్టెందుకు?"

రబ్బరు దారాన్ని వేలికి చుట్టుకుంది. ఆ పిల్ల ఎవర్నీ ఏదీ అడిగే రకం కాదు. మా చెల్లెలి పోలిక.

"రేపట్నించి పదింటికల్లా వచ్చెయ్ పెద్దమ్మా. ఆ స్టూలు మీదే కూర్చో. పొడుగు కూతకి మోకాలి మీద అరచెయ్యి వెయ్, పొట్టిదానికి ఒక్క వేలు. నేను నీ చెయ్యి చూసి లెక్కపెట్టుకుంటాను."

"మూడో తరగతి మనిషిని, నాకేం తెలుసే."

"మూడు దాకా లెక్క వస్తుందిగా, చాలు. వచ్చినవాళ్లు అడిగితే ఇంట్లో తోచక వచ్చానని చెప్పు. ఇంకొక్కటి పెద్దమ్మా, అదే నీకు కష్టం. నేను స్విచ్చి వేసినప్పుడు మాత్రం మాట్లాడకు."