మా కుట్టి కంప్యూటర్‌లో మనవాళ్ళ పేర్లు

కుట్టీ...

నిన్న పొద్దున ట్రైన్‌కి టైమ్ అయిందని చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తావు.

రెండు గంటలు కాలేదు. నీ ఫోన్ నుంచే కాల్. ఎత్తితే నీ గొంతు కాదు.

"అమ్మా, మాలూరు స్టేషన్లో మెట్లెక్కతా ఎక్కతా కూలబడిపోయినాడమ్మా. ఆస్పత్రికి తెచ్చినాము. ఇంగ..."

ఆ తర్వాత అతను చెప్పింది నాకు ఎక్కలేదు. "ఎవరప్పా నువ్వు? వాడి ఫోన్ నీకు యాడ దొరికింది?" అని తిట్టాను. పాపం, అటువైపు ఆ మనిషి ఏడుస్తూనే ఉన్నాడు. బాబూ, నువ్వెవరో తెలియదు. ఈ పోస్ట్ నీ కంట పడితే నన్ను క్షమించు.

నిన్న సాయంత్రం వాడిని పంపించేశాము.

అందరూ ఏడవమంటున్నారు. నాకు కోపం వస్తోంది. ఎందుకో చెబుతాను.

తెలియనివాళ్ళ కోసం. మా కుట్టి అసలు పేరు రఘు. మాలూరులో ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్. పనివాళ్ళకు దెబ్బలు తగలకుండా, జబ్బులు రాకుండా చూడడం వాడి డ్యూటీ. దానికోసం ఎప్పుడూ ఏదో ఒకటి చదివేవాడు. ట్రైనింగ్‌లో చెప్పడానికి పనికొస్తుందని కనబడిందల్లా లాప్‌టాప్‌లో సేవ్ చేసుకునేవాడు.

నేను చదివింది ఐదో క్లాసు. ఇంగ్లీషు రాదు. అయినా ఆ సేవ్ చేయడంలో నాకూ ఒక పని పెట్టాడు.

"అమ్మా, మిషన్ల శబ్దానికి చెవులు పోయే సంగతి ఇది. ఈ ఫోల్డర్‌కి ఎవరి పేరు పెడదాం?"

"ఇంగెవరప్పా? మన మునెప్ప మామది పెట్టు."

మునెప్ప మామ మా పక్కింటాయన. మా ఊరి మైన్ లోపల డ్రిల్లింగ్ చేసి చేసి చెవులు పోగొట్టుకున్నాడు. మైన్ మూసేసి ఇన్నేళ్ళయినా ఆ మోత ఇంకా తలలోనే ఉందంటాడు.

ఎండకు, సెగకు మనిషి పడిపోయే సంగతి దొరికితే, ఇటుక బట్టీలో పనిచేసిన మా కాంతమ్మక్క పేరు. దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే సంగతికి కుట్టి వాళ్ళ నాయన పేరు. ఆ ఫోల్డర్ పెట్టాక వాడు లాప్‌టాప్ మూసేసి, నాయన ఫోటోకు దీపం పెట్టాడు.

ఒక్కో పేరు లోపల మళ్ళీ రెండు ఫోల్డర్లు. 'చదివినవి', 'తరువాత'.

"ఇదేం పద్ధతిరా, ఆఫీసులో నవ్వరా?" అని అడిగాను.

"నవ్వతారమ్మా. నవ్వనీ. శబ్దం ఇంత, అంత అని లెక్కలు చెప్తే ఎవురూ వినరు. మునెప్ప మామకి మనవరాలు పిలిచినా వినబడదు అని చెప్తే, ఆ పొద్దే చెవులకి ప్లగ్గులు పెట్టుకుంటారు."

ఇది తెలిసి మునెప్ప మామ కర్ర పట్టుకుని వచ్చేశాడు.

"ఏమిరా, నా పేరు కంప్యూటర్లో ఎక్కించినావంట? పెన్షన్ ఏమన్నా వస్తాదా?"

వీడు నవ్వుతూ ఏదో చెప్పాడు. మామకు వినబడలేదు.

"గట్టిగా చెప్పరా! నా ఫైలంతా చదివినావు, నా దగ్గర గొణగతావా?"

ఆ రోజు ఎంత నవ్వామో.

సరే. ఈరోజు పొద్దున వాడితో పనిచేసే సుమిత్ర ఇంటికి వచ్చింది. లాప్‌టాప్ ఆఫీసుది, తిరిగి ఇచ్చేయాలట. ఇచ్చాక లోపల ఉన్నదంతా చెరిపేస్తారట. నాకు ఒళ్ళు మండింది. ఇంకా వాడిని పడుకోబెట్టిన చాప కూడా ఎత్తలేదు, లాప్‌టాప్ కావాలా అన్నాను.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "లేదమ్మా, రఘన్న చదువంతా పోతాదని పరుగెత్తుకోని వచ్చినాను. కాపీ చేసుకుంటాను. అయితే ఇందులో అన్నీ మనుషుల పేర్లే ఉండాయి. యాడ ఏముండాదో నాకు తెలీడం లేదు."

అప్పుడు పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల పేరు చదివింది. అది దేని గురించో నేను చెప్పాను. తను రాసుకుంది.

చివర్న ఒక పేరు చదివింది.

"రఘు."

ఆ పేరు నేను చెప్పింది కాదు, తెరువు పాపా అన్నాను.

తెరిచింది. కొంచెం చదివి ఆపేసింది. గట్టిగా అడిగితే చెప్పింది. మెట్లెక్కితే ఛాతీలో పట్టేసినట్టు ఉంటే, ఎడమ భుజం లాగితే, ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలని ఉందట. పోయిన నెల సేవ్ చేశాడట. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి.

'చదివినవి'లో ఒక్కటీ లేదు. అన్నీ 'తరువాత'లోనే.

కుట్టీ, అంటే నీ నొప్పి సంగతి నీకు తెలుసు.

ఊరందరి జబ్బులకూ పేర్లు నన్ను అడిగి పెట్టావు. ఈ ఒక్క పేరు మాత్రం నన్ను అడగకుండా పెట్టుకున్నావు. అడిగి ఉంటే పేరూ వద్దు, గీరూ వద్దు, లేచి చొక్కా వేసుకో, ఆస్పత్రికి పోదాం అనేదాన్ని కదరా. లాక్కుని పోయేదాన్ని కదరా. పనివాళ్ళ మీద అంత శ్రద్ధ పెట్టినవాడివి, నీ ఛాతీ గురించి ఒక పేజీ చదవడానికి నీకు ఆదివారం దొరకలేదా?

ఎవరి మీద అరవాలి నేను ఇప్పుడు?

సుమిత్ర మెల్లగా అడిగింది, "అమ్మా, ఈ ఫోల్డర్ వదిలేసి మిగతావి కాపీ చేసుకోనా?" అని.

"వదలొద్దు పాపా. ముందర అదే తీసుకో. ట్రైనింగ్‌లో ముందర అదే చెప్పు. పేరు మార్చొద్దు. మా రఘన్న మాలూరు మెట్ల మీద పోయినాడు, తెలిసి తెలిసి పోయినాడు అని చెప్పు. అప్పుడన్నా వింటారు."

ఆ పిల్ల తల ఊపింది. కాపీ అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

వాడి ఫ్రెండ్స్‌కి ఒక మాట. ఎవరికైనా ఎక్కడైనా నొప్పి ఉంటే ఫోన్‌లో వెతికి దాచుకోకండి. ఇంట్లో నోరు తెరిచి చెప్పండి. అమ్మకు చెప్పండి.

పోయి రా కుట్టీ. నా కోపం నాతోనే ఉండనీ, నువ్వు మాత్రం ఏ నొప్పీ లేకుండా హాయిగా పడుకో.

పిల్లలూ, మీలో చాలామంది నిన్నటి నుంచి అన్నం ముట్టుకోలేదని తెలుసు. లేచి కడుపునిండా తినండి.