పదకొండు చీటీలు

నేను లెక్కల టీచర్ని. ఎవరైనా దయ్యాలనీ మహిమలనీ మొదలుపెడితే స్టాఫ్‌రూమ్‌లోంచి లేచి వెళ్లిపోయే రకాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా మిమ్మల్ని నమ్మమని కాదు. జరిగింది జరిగినట్టు చెప్తున్నాను, అంతే.

మాది కాకినాడ. మా ఆయన ఉద్యోగం వల్ల ఒమన్‌లోని ఇబ్రాలో ఉంటున్నాం. ఏటా చలికాలంలో సత్యంగారనే పెద్దమనిషి ఇక్కడి తెలుగువాళ్ల దగ్గరికి వస్తారు. ఇండియాలో ఆయనకు కేసినో ఉన్న పెద్ద హోటల్ ఉంది. కుర్రతనంలో ఇక్కడే, ఒమన్‌లో అల్ సువైక్ అనే ఊరి ఖర్జూరం తోటల్లో నీళ్లు పెట్టేవారట. సంపాదించాక సొంతూళ్లో బడి కట్టించారు, ఆసుపత్రికి డయాలసిస్ మెషిన్లు కొనిచ్చారు. జూదం డబ్బుతో పుణ్యమా అని నేను వెటకారం చేసేదాన్ని.

ఇక్కడ ఆయన చేసే సాయం వేరు. యజమాని ఇల్లు వదిలి వచ్చేసి, పారిపోయారన్న కేసులో ఇరుక్కుని, ఊరికి పోలేక మిగిలిపోయిన ఆడవాళ్లలో ఏడాదికి ఒకరిని ఇంటికి పంపుతారు. టికెట్ ఒక్కటే అయితే నేనే కొనిచ్చేదాన్ని. కేసు తీయించడం, జరిమానా మాఫీ చేయించడం ఆయన ఒమానీ స్నేహితుడి వల్లే అవుతుంది, అదీ ఏడాదికి ఒక్కరికే. ఆ ఒక్కరెవరో సత్యంగారు చీటీ తీసి తేలుస్తారు.

"ఎవరి కష్టం పెద్దదో చెప్పడానికి నేనెవర్నండీ? చీటీయే చెప్తాది," అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

పేర్లు రాసే పని నాది. ఆ ఏడాది పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో కడప నుంచి వచ్చిన నాగమ్మకు కడుపులో క్యాన్సర్ ముదిరిపోయింది. డాక్టర్లు ఆశ వదిలేశారు. కూతురి దగ్గర పది రోజులుండి పోతే చాలన్నదే ఆమె కోరిక.

అందుకే గురువారం సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పదకొండు చీటీల మీదా నాగమ్మ పేరే రాశాను. మా ఆయన పక్కనే టీ తాగుతూ, "ఇంపొజిషనా?" అని నవ్వారు. చీటీలు మడిచి స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టాను. నాగమ్మకు ఫోన్ చేసి బట్టలు సర్దుకోమన్నాను. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

డబ్బా రాత్రంతా నా బీరువాలో ఉంది. శుక్రవారం పొద్దున చీటీ తీసే హాలుకు కార్లో వెళ్లేదాకా నా ఒళ్లోనే ఉంది. సత్యంగారు కళ్లు మూసుకుని ఒక చీటీ తీశారు. విప్పి, "రమణమ్మ," అని చదివారు.

చీటీ ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. రమణమ్మ అనే ఉంది. నా ఆకుపచ్చ ఇంకు, నా చేతిరాతే. రమణమ్మ కూడా ఆ పదకొండు మందిలో ఒకామె. సహం అనే ఊళ్లో ఆరేళ్లు ఇంటిపని చేసి, కొడుకు ముఖం ఫోన్‌లో తప్ప చూడని మనిషి. నేల మీద కూలబడి ఏడుస్తోంది. నేను చేసిన మోసం బయటపెట్టి ఆమె నోటి దగ్గరి కూడు ఎలా లాగను? చీటీ సత్యంగారికే తిరిగిచ్చేశాను.

ఇంటికొచ్చి మిగిలిన పదీ విప్పాం. పదింటి మీదా నాగమ్మే. మా ఆయన రెండుసార్లు చూసి, లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం నాగమ్మ రూమ్‌కి వెళ్లాను. సర్దిన బ్యాగు మంచం పక్కనే ఉంది.

"నా పేరు రాసినావా మేడమ్?" అంది.

"రాశాను నాగమ్మా."

"మర్సిపోయింటావులే. పనులెక్కువ గదా నీకు," అంది. కోపంగా కూడా అనలేదు.

పదకొండు సార్లు రాశానని చెబితే ఎవరు నమ్ముతారు? చెప్పలేకపోయాను. మూడు వారాలకు ఇక్కడి ఆసుపత్రిలోనే ఆమె పోయింది.

నేనే పొరపాటున ఒకటి వేరే పేరుతో రాసి ఉంటానని మా ఆయన ఇప్పుడంటారు. ఆయన కళ్ల ముందే రాశాను. నాగమ్మ మాత్రం నేను తన పేరు రాయడం మర్చిపోయాననే అనుకుంటూ పోయింది.